తెల్లబట్టకు గర్భసంచి తీయించుకోకు తల్లీ

బుజ్జీ,

కొన్ని నెలలుగా నీకు తెల్లబట్ట అవుతోందని, నడుం లాగేస్తోందని, టౌన్లో నర్సింగ్ హోమ్ వాళ్లు గర్భసంచి తీసేద్దామన్నారని మీ అమ్మ చెప్పింది. ఇద్దరు పిల్లలున్నారు కదా, ఇంక దాంతో పనేముందని మీ అత్తగారూ అంటున్నారట. ముప్పై ఏళ్లయినా నిండలేదు నీకు. డబ్బు కట్టకముందే ఈ ఉత్తరం చదువు. నర్సుగా బతుకంతా ఇవే చూసినదాన్ని.

ముందు ఒక మాట చెప్పు. నిన్ను బల్ల మీద పడుకోబెట్టి లోపల చూశారా, స్కానింగ్ కాగితం చూసి చెప్పేశారా? తెల్లబట్ట సంగతి స్కానింగ్‌లో తేలదు. కళ్లతో చూడాలి, అవసరమైతే ఆ తడిని పరీక్షకు పంపాలి.

ఎముకలు కరిగి అలా పోతాయన్న మాట నమ్మకు. ప్రతి ఆడదానికీ కొంత తడి ఉంటుంది. నెల మధ్యలో జిగటగా సాగుతుంది, దానికి మందక్కర్లేదు. విపరీతమైన దురదతో విరిగిన పెరుగులా పడితే అది ఫంగస్. పల్చగా బూడిదరంగులో చేపల వాసన వేస్తే లోపలుండే మంచి బాక్టీరియా తగ్గి చెడ్డవి పెరిగాయని. పచ్చగా నురగగా వస్తే ట్రైకోమొనాస్ అనే క్రిమి కావచ్చు. ఇవన్నీ యోనిలో వచ్చేవి. అందుకే సంచి తీసేసినా ఇవి పోవు, మళ్లీ రావచ్చు కూడా. మాత్రలతో మాత్రం తగ్గుతాయి, కొన్నిటికి ఒక్కపూట, కొన్నిటికి వారం.

జిల్లా ఆసుపత్రిలో ఇలాంటి ఇన్ఫెక్షన్లు చూసే సురక్ష క్లినిక్ ఉంటుంది. పరీక్షా మందులూ ఉచితం. మందులు రంగుల కిట్లుగా ఇస్తారు. ఆకుపచ్చ కిట్ తెల్లబట్టకు, అందులో సెక్నిడజోల్, ఫ్లూకొనజోల్ ఉంటాయి. పొత్తికడుపు నొప్పి కూడా ఉంటే పసుపు కిట్ ఇస్తారు. అది రెండు వారాలు వాడాలి, నొప్పి తగ్గిందని మధ్యలో ఆపకూడదు. ఆ నొప్పికి కారణమైన ఇన్ఫెక్షన్ పైకి పాకి అండం వచ్చే గొట్టాలు దెబ్బతింటే గొట్టంలోనే గర్భం నిలిచి ప్రాణం మీదికి రావచ్చు. గర్భం వచ్చిందేమోనన్న అనుమానం ఏమాత్రం ఉన్నా మందులు రాయకముందే చెప్పు.

ట్రైకోమొనాస్ అని తేలితే అల్లుడూ మందు మింగాలి. నీకొక్కదానికే తగ్గితే ఆయన దగ్గర్నుంచి మళ్లీ వస్తుంది. ఇందులో సిగ్గుపడాల్సిందీ, ఒకరినొకరు అనుమానించుకోవాల్సిందీ లేదు, ఎప్పటిదో ఏ బాధా లేకుండా దాగి ఉండొచ్చు. ఇద్దరికీ తగ్గేదాకా నిరోధ్ వాడండి.

సబ్జా నీళ్లు, సగ్గుబియ్యం జావ తాగితే తాగు, చల్లగా ఉంటుంది. ఇన్ఫెక్షన్ తగ్గదు. డెట్టాల్, సబ్బునీళ్లు లోపలికి పోనివ్వకు, ఉన్న మంచి బాక్టీరియా కూడా పోతుంది. బట్టలు ఎవరో చూస్తారని మూల ఆరేయకుండా ఎండలో వేయి. దురద మళ్లీ మళ్లీ వస్తుంటే షుగర్ పరీక్ష చేయించుకో.

పుండు పడింది, క్యాన్సర్ అవుతుందని భయపెట్టారా? ఆ భయానికి పాప్ స్మియర్ పరీక్ష ఉంది. అది చేయకుండా ఆ మాట అనేవాళ్లను నేను నమ్మను. పెద్ద గడ్డలుండి రక్తస్రావం ఆగకపోతేనో, నిజంగా క్యాన్సర్ అయితేనో ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది, కాదనను. కానీ సంచితోపాటు అండాశయాలూ తీసేస్తే ఈ వయసులోనే మెనోపాజ్ దశ వచ్చేస్తుంది. ఎముకలు నిజంగా గుల్లబారేది అప్పుడు.

ఈ బాధ నీ ఒక్కదానిదే కాదు. గోదావరి అవతల గడ్చిరోలిలో రాణీ బంగ్, అభయ్ బంగ్ అనే డాక్టర్లు రెండు పల్లెల్లో 650 మందిని పరీక్షించి 1989లో రాశారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ వ్యాధి ఉంది. అంతకుముందు లోపల పరీక్ష చేయించుకున్నది నూటికి 8 మందే. చూసే దిక్కులేక అప్పట్లో ఆ బాధ. ఇప్పుడు మన దగ్గర చూడకుండానే కోసేస్తున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల వాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి 3 మంది. ఆంధ్ర, తెలంగాణల్లో 8 మందికి పైనే. అనవసరపు ఆపరేషన్లను అరికట్టమని 2023లో సుప్రీంకోర్టే చెప్పాల్సివచ్చింది.

ఆపరేషన్ ఇప్పుడు వద్దని వాళ్లకు చెప్పేయి. అత్తగారితో నేను మాట్లాడతాను. సోమవారం మీ అమ్మను తోడు తీసుకుని జిల్లా ఆసుపత్రికి వెళ్లు, లోపల చూసి రాసిన చీటీ నాకు ఫోన్లో పంపు.

మీ పెద్దమ్మ