కంటిని కాపాడే అలవాట్లు, కంటిని చెరిపే అలవాట్లు

మన అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసే వాన దాదాపు 550 మిల్లీమీటర్లే. వాన తక్కువైన చోట దుమ్ము ఎక్కువ, గాలిలో తేమ తక్కువ. ఎండ సంగతి చెప్పనక్కరలేదు. ఇవన్నీ కంటిని బాధపెట్టేవే. ఎండనూ గాలినీ మనం మార్చలేం. కానీ కన్ను ఎర్రబడినప్పుడు, దురద పెట్టినప్పుడు మనం చేసే పనులను మార్చుకోగలం. చిన్న బాధ పెద్ద నష్టంగా మారేది చాలాసార్లు ఆ పనుల వల్లనే.

నలుసు పడినప్పుడు

వేరుశనగ కట్టె నుంచి కాయలు వేరు చేసేటప్పుడు, జొన్న, కంది నూర్చేటప్పుడు పొట్టో ఆకుముక్కో కంట్లో పడుతుంది. వెంటనే కొంగుతోనో తువ్వాలుతోనో నలుపుతాం. పక్కవాళ్ల చేత నాలుకతో తీయించుకుంటాం. ఆముదం, చనుబాలు, ఆకు పసరు పోయిస్తాం.

నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర పేరు కార్నియా. నడిమి భాగంలో దాని మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. నలిపితే దానిమీద గీత పడుతుంది. పంట చెత్తతో వచ్చిన ఫంగస్ ఆ గీతలో చేరి పుండవుతుంది. పసరు, ఉమ్మి మరిన్ని క్రిములను చేరుస్తాయి. పుండు మానినా తెల్లని మచ్చ మిగిలిపోతుంది. మన పెద్దలు కంట్లో పువ్వు అనేది దీన్నే. అది నల్లగుడ్డు మధ్యలో వస్తే కళ్లద్దాలతో చూపు తిరిగి రాదు. కార్నియా మార్పిడి దాకా పోవలసి రావచ్చు.

కాబట్టి నలుసు పడితే నలపకుండా శుభ్రమైన నీటితో కడగాలి. నొప్పి, ఎరుపు తగ్గకపోయినా, వెలుగు చూడలేకపోయినా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. సున్నం గానీ పురుగుమందు గానీ పడితే ముందు అక్కడికక్కడే కనీసం 15 నిమిషాలు ధారగా నీరు పోసి కడిగి, ఆ తర్వాతే ఆసుపత్రికి బయలుదేరాలి. నూర్పిడి రోజుల్లో మామూలు ప్లాస్టిక్ కళ్లద్దాలు పెట్టుకున్నా ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

పాత చీటీ, పాత సీసా

వేడి, దుమ్ము ఉన్న ప్రాంతాల్లో పిల్లలకు కంటి అలర్జీ ఎక్కువ. ఎండాకాలం రాగానే పిల్లవాడు కళ్లు నలుపుకుంటాడు. మనం నిరుటి చీటీ చూపించి మందుల షాపులో అవే చుక్కలు కొంటాం. వాటిలో స్టెరాయిడ్ ఉంటే దురద వెంటనే తగ్గుతుంది, అందుకే మంచి మందు అనుకుంటాం. డాక్టరు పర్యవేక్షణ లేకుండా నెలల తరబడి వేస్తే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు, అంటే గ్లాకోమా రావచ్చు. శుక్లమూ రావచ్చు. ఇక ఫంగస్ పుండు ఉన్న కంట్లో స్టెరాయిడ్ వేయడం అగ్నిలో ఆజ్యం పోయడమే. ఒకరి చుక్కలు మరొకరు వాడకూడదు. మూత తీసిన సీసాను నెల దాటాక పారేయాలి.

సుర్మా, రోజా

సుర్మా పెట్టుకోవడం మన ఇళ్లలో ఆనవాయితీ. కానీ బజారులో సుర్మా పేరుతో అమ్మే పొడిలో చాలాసార్లు సీసం ఉంటుంది. అది ఒంట్లో చేరితే పిల్లల మెదడు ఎదుగుదలకు హాని. పసిపిల్లలకు పెట్టవద్దు. ఒకే సలాకతో ఇంటిల్లిపాదీ పెట్టుకుంటే ఒకరి కండ్లకలక అందరికీ అంటుతుంది.

రంజాన్‌లో కొందరు పెద్దలు రోజా భంగమవుతుందని గ్లాకోమా చుక్కలు ఆపేస్తారు. ఆ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు. కంట్లో మందు వేసుకుంటే రోజా భంగం కాదన్నది హనఫీ ఫిఖ్హ్‌లో ఉన్న మాటే. సందేహముంటే మీ మసీదు ఇమాం సాహెబును అడగండి, మందు మాత్రం మానకండి. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్కనున్న మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచితే మందు గొంతులోకి దిగడం తగ్గుతుంది.

నొప్పి లేకుండా పోయే చూపు

గ్లాకోమా, షుగరు వల్ల రెటీనాకు వచ్చే జబ్బు మొదట్లో నొప్పి పెట్టవు. అందుకే 40 ఏళ్లు దాటినవారు కంటి ఒత్తిడి పరీక్ష, షుగరు ఉన్నవారు ఏటా రెటీనా పరీక్ష చేయించుకోవాలి. ఫోను చూసేటప్పుడు రెప్పలు కొట్టడం తగ్గి కళ్లు ఎండిపోతాయి. ప్రతి 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరానికి 20 సెకన్లు చూడటం పిల్లలకు నేర్పాలి.

పరీక్షకు దూరం పోనక్కరలేదు. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో కంటి విభాగముంది. పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 1991 నుంచి ఉచితంగా వైద్యం చేస్తోంది, అక్కడా కంటి విభాగముంది. బడిపిల్లల కంటి పరీక్షలతో కంటి వెలుగు పథకం 2019 అక్టోబరు 10న మొదలైంది కూడా మన అనంతపురంలోనే.

ఈ వ్యాసం చదివినవారు ఇంటికి వెళ్లి ఒక్క పని చేయాలని కోరుతున్నాం. బీరువాలోనో గూట్లోనో ఉన్న పాత కంటి చుక్కల సీసాలన్నీ తీసి పారేయండి. ఇంట్లో ఎవరి కన్నయినా ఎర్రగా ఉంటే రేపటి దాకా ఆగకండి.