ఉద్యోగానికి ముందు వైద్య పరీక్ష: భయపడవద్దు, దాచవద్దు



పోలీసు ఉద్యోగాల నోటిఫికేషను వచ్చినా, రైల్వే ఫలితాలు వెలువడినా, గల్ఫ్ వీసా కబురు అందినా మన ఓ.పి.లో యువకుల వరుస పెరుగుతుంది. చేతిలో ఒక ఫారం ఉంటుంది. "డాక్టరు గారూ, ఎల్లుండే మెడికల్. ఫిట్ అని రాసి సంతకం పెట్టండి చాలు" అంటారు. వెంట వచ్చిన తల్లి "వాడికేమీ లేదండీ, రాయిలాగ ఉంటాడు" అంటుంది. తీరా చూస్తే బి.పి. 160/100 ఉంటుంది. కుర్రవాడి ముఖం పాలిపోతుంది. "ఈ సంగతి ఎక్కడా రాయకండి సార్" అంటాడు.

ఆ మాట గురించే ఈ పాఠం. వైద్య పరీక్షను మనం ఉద్యోగానికి అడ్డుగోడ అనుకుంటాము. నిజానికి మనకు తెలియని జబ్బును బయటపెట్టే మంచి అవకాశం అది. రెండు రోజుల ముందు తెలిస్తే కంగారు, మూడు నెలల ముందు తెలిస్తే వైద్యం. తేడా అంతే.

1. ఈ పరీక్షలు ఎందుకు వచ్చాయి?

1875లో స్వీడన్ దేశంలో లాగర్‌లుండా అనే చోట రెండు రైళ్లు ఢీకొన్నాయి. ఎర్ర దీపాన్ని, పచ్చ దీపాన్ని వేరుగా గుర్తించలేకపోవడం దీనికి కారణమై ఉండవచ్చని హోల్మ్‌గ్రెన్ అనే వైద్య ఆచార్యుడు అనుమానించాడు. రంగురంగుల ఊలు పోగులు ఇచ్చి, ఒకే రంగువి ఏరమని రైల్వే ఉద్యోగులను పరీక్షించాడు. అప్పటినుండి రైల్వేలలో రంగుల పరీక్ష వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు మనం చూసే చుక్కల పుస్తకాన్ని 1917లో జపాను వైద్యుడు ఇషిహరా తయారుచేశాడు.

మన రైల్వేలో రైలు నడిపే ఉద్యోగానికి ఏ-1 అనే వైద్య శ్రేణి ఉంది. అందులో అద్దాలు లేకుండానే రెండు కళ్లకూ 6/6 చూపు ఉండాలి, రంగులు సరిగా గుర్తించాలి. వెనుక పెట్టెల్లో ఉన్న వందల ప్రాణాల కోసమే ఈ నియమం. అదే రైల్వేలో ఆఫీసు పనికి ఇంత కఠినమైన చూపు అవసరం లేదు. అంటే ఒక పనికి "అన్‌ఫిట్" అయినవాడు మరో పనికి పూర్తిగా తగినవాడు కావచ్చు.

రంగులు సరిగా కనిపించని లోపం ఎక్కువగా మగవారిలో ఉంటుంది. తల్లి ద్వారా సంక్రమిస్తుంది. కనుక మేనమామకు ఉంటే మేనల్లుడికి కూడా ఉండవచ్చు. పుట్టుకతో వచ్చిన ఈ లోపానికి మందు లేదు. కానీ పదవ తరగతిలోనే కంటి డాక్టరు వద్ద చూపించుకుంటే పది నిమిషాలలో తేలిపోతుంది. కోచింగులో మూడేళ్లు, తండ్రి సొమ్ము ఖర్చయ్యాక తెలుసుకోవడం కంటే అది మేలు కదా!

2. మెడికల్‌లో సాధారణంగా ఏమి చూస్తారు?

బి.పి.: 140/90 లేదా ఆపైన పలుమార్లు ఉంటే అధిక రక్తపోటు. భయం వలన కూడా పెరుగుతుంది. పరీక్షకు అరగంట ముందు టీ, కాఫీ, సిగరెట్టు వద్దు. ఐదు నిమిషాలు కుర్చీలో ఆనుకుని నిశ్శబ్దంగా కూర్చున్న తరువాతే చూపించుకోండి.

షుగరు: పరగడుపున 100 లోపు ఉండాలి. 100 నుండి 125 వరకు హెచ్చరిక. 126 లేదా ఆపైన ఉంటే మరోసారి పరీక్షించి మధుమేహంగా నిర్ధారిస్తారు.

రక్తం: హిమోగ్లోబిన్ మగవారికి 13, గర్భిణులు కాని స్త్రీలకు 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాలలోనూ 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉంది. పోలీసు పరుగులో వెనుకబడిన ఆడపిల్లకు సాధన తక్కువై కాదు, రక్తం తక్కువై ఉండవచ్చు.

బరువు, నడుము: మగవారికి 90 సెం.మీ., ఆడవారికి 80 సెం.మీ. దాటిన నడుము మన ప్రాంతం వారిలో షుగరుకు, గుండెజబ్బుకు ముందు గుర్తు.

ఇవిగాక చూపు, వినికిడి, మూత్ర పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే ఉంటాయి. నెలసరి రోజులలో మూత్రంలో రక్తం కనిపించవచ్చు కనుక ఆడపిల్లలు ఆ సంగతి ముందే చెప్పాలి. సిగ్గుపడనక్కరలేదు.

3. పరుగు పరీక్ష: ఇక్కడ ప్రాణమే పణం

2024 ఆగస్టులో జార్ఖండ్ రాష్ట్రంలో ఎక్సైజు కానిస్టేబుల్ నియామకాలు జరిగాయి. మగవారు 10 కి.మీ. దూరాన్ని గంటలో పరుగెత్తాలి. ఆ ఎండలో, ఆ ఉక్కలో పరుగెత్తి పదిమందికి పైగా యువకులు చనిపోయారు. ప్రభుత్వం కొన్ని రోజులు పరీక్ష ఆపవలసి వచ్చింది. ఉదయం 9 గంటల తరువాత పరుగు పెట్టరాదని ఆదేశించింది. వాళ్లంతా ఉద్యోగం కోసం ఇంటినుండి బయలుదేరిన బిడ్డలే.

మన వైపు దూరం తక్కువ. 2022 తెలంగాణ కానిస్టేబుల్ నియామకాలలో మగవారికి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవారికి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పెట్టారు. దూరం తక్కువే అయినా, నిన్నటి వరకు పుస్తకాల ముందు కూర్చున్న శరీరాన్ని ఒక్కసారిగా పరుగెత్తిస్తే ప్రమాదమే.

సాధన మూడు నెలల ముందు మొదలుపెట్టండి. మొదటి రెండు వారాలు రోజూ అరగంట వేగంగా నడవండి. తరువాత కొంత నడక, కొంత పరుగు కలపండి. మాట్లాడగలిగేంత వేగంతో పరుగెత్తడం అలవాటైన తరువాతే వేగం పెంచండి. వారంలో ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఇవ్వండి. తెల్లవారుజామున సాధన చేయండి, నీళ్లు తాగండి. జ్వరం, విరేచనాలు ఉన్న రోజున పరుగెత్తవద్దు. స్నేహితులు ఇచ్చే శక్తి మాత్రలు, ఇంజెక్షన్లు, నొప్పి బిళ్లలు వేసుకుని పరుగుకు దిగవద్దు.

ఈ కిందివాటిలో ఏ ఒక్కటి ఉన్నా, పరుగు మొదలుపెట్టక ముందే డాక్టరుకు చెప్పండి:

• పరుగెత్తుతుండగా ఎప్పుడైనా స్పృహ తప్పడం, ఛాతీలో నొప్పి లేదా బిగపట్టినట్లు ఉండడం.
• రక్తసంబంధీకులలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉండడం.
• చిన్నప్పుడు కీళ్లవాపుతో కూడిన జ్వరం వచ్చి ఉండడం. అది గుండె కవాటాలను దెబ్బతీసి ఉండవచ్చు.
• ఉబ్బసం, మూర్ఛ.
• కుటుంబంలో సికిల్ సెల్ జబ్బు ఉండడం.

ఈ చివరి విషయం పాడేరు, భద్రాచలం, ఆదిలాబాదు వంటి గిరిజన ప్రాంతాల కుటుంబాలు ప్రత్యేకంగా గమనించాలి. సికిల్ సెల్ లక్షణం మోసేవారు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. అయితే ఎండలో, నీళ్లు తాగకుండా, శక్తికి మించి పరుగెత్తితే అరుదుగా ప్రాణాపాయం రావచ్చు. 2023 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాలలో దీనికి రక్తపరీక్షలు చేస్తున్నారు. చేయించుకోండి.

4. గల్ఫ్ వెళ్లేవారికి ఒక మాట

కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప ప్రాంతాల నుండి ఎందరో గల్ఫ్ దేశాలకు వెళుతున్నారు. అక్కడి ప్రభుత్వాలు గుర్తించిన కేంద్రాలలోనే మెడికల్ జరుగుతుంది. ఛాతీ ఎక్స్‌రే, హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి వంటి పరీక్షలు చేస్తారు. ఎప్పుడో నయమైపోయిన టి.బి. మచ్చ ఎక్స్‌రేలో కనిపించినా "అన్‌ఫిట్" అయ్యే అవకాశం ఉంది.

చాలా ఇళ్లలో జరిగేదేమిటి? ముందు వడ్డీకి అప్పు తెస్తారు, ఏజెంటుకు కడతారు, ఆ తరువాత మెడికల్‌కు వెళతారు. అక్కడ "అన్‌ఫిట్" అంటే ఉద్యోగం పోతుంది, అప్పు మిగులుతుంది. క్రమం మార్చండి. ముందు మీకు దగ్గరలోని ఆసుపత్రిలో ఎక్స్‌రే, రక్తపరీక్షలు చేయించుకోండి. తరువాతే అప్పు గురించి ఆలోచించండి. టి.బి. బయటపడితే భయం వద్దు. మామూలు టి.బి.కి ఆరు నెలల వైద్యం ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఆ వైద్యం మీ ఇంటిలోని పసిబిడ్డలను కూడా కాపాడుతుంది.

5. దాచితే ఏమవుతుంది? అడిగితే ఏమి చెప్పాలి?

వేరొకరి మూత్రం సీసాలో పోసి ఇచ్చేవారు, మెడికల్ రోజున మాత్రమే బి.పి. మాత్ర మింగేవారు ఉన్నారు. ఒకవేళ నెగ్గినా జబ్బు మాత్రం ఒంట్లోనే ఉంటుంది. మూర్ఛను దాచి లారీ స్టీరింగు పట్టినవాడు తన కుటుంబాన్నే గాక ఎదురుగా వచ్చే కుటుంబాన్ని కూడా ప్రమాదంలో పెడతాడు. అబద్ధపు వివరాలు రాసినట్లు తరువాత తెలిస్తే ఉద్యోగం కూడా పోవచ్చు.

అయితే యజమాని అడగరానివి కూడా ఉన్నాయి. మన దేశంలో ఉద్యోగం ఇవ్వడానికి హెచ్.ఐ.వి. పరీక్షను షరతుగా పెట్టరాదని 2017లో చేసిన చట్టం చెబుతుంది. ఒక ఉద్యోగిని తన నెలసరి, గర్భం వివరాలు ఫారంలో సరిగా రాయలేదని తొలగించినప్పుడు, 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి తీసుకోమని చెప్పింది. అలాంటి ప్రశ్నలు స్త్రీ మర్యాదకు తగవని, వాటిని ఫారం నుండి తీసివేయాలని చెప్పింది.

"అన్‌ఫిట్" అన్నారని అక్కడే కుప్పకూలిపోవద్దు. కారణం రాతపూర్వకంగా అడగండి. అది తాత్కాలికమా, శాశ్వతమా తెలుసుకోండి. చాలా నియామకాలలో గడువులోగా అప్పీలు చేసుకుని మళ్లీ పరీక్షకు వెళ్లే వీలుంటుంది. రక్తహీనత, హెర్నియా, చెవిలో చీము వంటివి వైద్యంతో సరిచేయదగినవే.

6. ఉద్యోగం వచ్చాక పరీక్ష అయిపోయినట్లేనా?

1953లో జెరెమీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ బస్సు సిబ్బంది గురించి ఒక పరిశోధన ప్రచురించాడు. రెండంతస్తుల బస్సులలో డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు రోజుకు వందల మెట్లు ఎక్కి దిగుతాడు. డ్రైవర్లతో పోలిస్తే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చిందని ఆయన కనుగొన్నాడు. మోరిస్ అక్కడ ఆగలేదు. సంస్థ ఇచ్చిన యూనిఫారం కొలతలు తీసి చూశాడు. డ్రైవర్ల నడుము కొలత మొదటినుండీ ఎక్కువగానే ఉందని 1956లో రాశాడు. అంటే చేరిన రోజున ఎలా ఉన్నామన్నది ముఖ్యమే, చేరిన తరువాత ఎలా పనిచేస్తున్నామన్నదీ ముఖ్యమే.

మన దగ్గర 2022లో తెలంగాణ ఆర్టీసీ "గ్రాండ్ హెల్త్ ఛాలెంజ్" పేరుతో తన ఉద్యోగులకు వైద్య పరీక్షలు మొదలుపెట్టింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో, నిర్ణయించిన ఉద్యోగులకు యజమాని ఏటా ఉచితంగా వైద్య పరీక్ష చేయించాలనే నిబంధన ఉంది. మీ సంస్థలో అది మీకు వర్తిస్తుందేమో అడగండి. పరీక్ష జరిగితే ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి మరచిపోకుండా డాక్టరుకు చూపించండి.

పెద్ద ఖర్చు లేకుండా ఏ పనిచోటనైనా చేయదగినవి ఇవి:

• కూర్చుని చేసే పనిలో గంటకొకసారి లేచి నాలుగడుగులు నడవండి. రెండు మూడు అంతస్తులకు లిఫ్టు వద్దు.
• వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవండి. రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు.
• భోజన విరామంలో మిరపకాయ బజ్జీల బదులు ఇంటినుండి ఉడికించిన సెనగలు, పండు తెచ్చుకోండి. పచ్చడి, అప్పడం తగ్గిస్తే ఉప్పు తగ్గుతుంది.
• క్వారీలో, రాతి మిల్లులో పనిచేసేవారు ధూళి లేవకుండా నీరు చల్లించమని, సరైన మాస్కు ఇవ్వమని అడగాలి. ముక్కుకు కట్టే తువాలు రాతి ధూళిని ఆపదు. ఆ ధూళి వలన దెబ్బతిన్న ఊపిరితిత్తి తిరిగి బాగుపడదు.
• మరుగుదొడ్డి లేదని నీళ్లు తాగడం మానేసే అక్కచెల్లెళ్లు దుకాణాలలో చాలామంది ఉన్నారు. మూత్రనాళ జబ్బులకు అదొక కారణం. ఆ సౌకర్యం అడగడం మీ హక్కు.

గుర్తుంచుకోండి

మొదట చెప్పిన ఆ 160/100 కుర్రవాడిలాంటి వారికి మేము ఇచ్చే సలహా ఇది: "బాబూ, ఎల్లుండికి నిన్ను ఫిట్ చేయలేము. ఈ బి.పి. నిజమో, భయమో మళ్లీ చూద్దాము. ఇంత చిన్న వయసులో ఎందుకు వచ్చిందో కిడ్నీలతో సహా పరీక్షిద్దాము. మందు, ఉప్పు, బరువు సరిచేసుకుంటే వచ్చే నోటిఫికేషనుకు నిబ్బరంగా వెళ్లవచ్చు." ఒక ఉద్యోగం తప్పిపోవడం బాధే. కానీ ఆ రోజు బి.పి. చూడకపోతే నలభై ఏళ్లకే పక్షవాతం వచ్చి, ఉన్న ఉద్యోగమూ పోయే స్థితి రావచ్చు.

ఇంటిల్లిపాది కూర్చుని మాట్లాడుకోండి

1. మన ఇంటిలో ఉద్యోగానికి సిద్ధమవుతున్నవారు బి.పి., రక్తం, చూపు చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారు?
2. మన రక్తసంబంధీకులలో చిన్న వయసులో హఠాత్తుగా మరణించినవారు ఉన్నారా? ఆ సంగతి పిల్లలకు తెలుసా?
3. విదేశీ ఉద్యోగానికి అప్పు చేసే ముందు వైద్య పరీక్ష చేయించామా?
4. ఇంటిలో సంపాదించే వ్యక్తి రోజుకు ఎన్ని గంటలు కూర్చుని ఉంటున్నారు?
5. మెడికల్‌లో తప్పిన బిడ్డను మనం ఎలా పలకరిస్తున్నాము? నింద మాటలతోనా, "పద, డాక్టరు దగ్గరకు వెళదాము" అనే మాటతోనా?

ఈ ఐదవ ప్రశ్నకు మీరు ఇచ్చే జవాబును బట్టే, రేపు మీ బిడ్డ తన జబ్బును దాచాలో, మీతో చెప్పాలో నిర్ణయించుకుంటాడు.