వార్ధక్యమున మనోవికారములు – పరిశోధనకు ధనమేల?

ఎచ్చెర్లయందేమి, మఱి యే గ్రామమందేమి, కొందఱు వృద్ధులు తమ పెట్టెలోని చీరను కోడలు దొంగిలించెనని నిందింతురు. స్వగృహముననే యుండి, సంధ్యవేళ “మా యింటికి పోయెదను” అని వాకిలి దాటుదురు. ఇరుగుపొరుగువారు కొందఱు దీనిని చాదస్తమందురు. కొందఱు గాలి సోకినదందురు. ఇంటివారు సిగ్గుచే ఎవరికిని చెప్పరు. ఇవి డిమెన్షియా యను మెదడు వ్యాధి లక్షణములు కావచ్చును.

ఈ వ్యాధి యనగా మఱపు మాత్రమే యని పలువురు తలతురు. అనుమానము, లేనివి కనబడుట, కోపము, దిగులు, నిరాసక్తత, నిద్రలేమి, ఊరక తిరుగుట – ఇవియు దానిలోనివే. జర్మనీ దేశమున 1901లో ఆల్జీమర్ అను వైద్యుడు 51 ఏండ్ల గృహిణి నొకతెను పరీక్షించెను. ఆమెయందు మొదట కనబడినది భర్తపై అకారణమైన అనుమానము. ఆమె 1906లో మరణించిన పిదప మెదడును సూక్ష్మదర్శినితో చూడగా, అందు అసాధారణమైన మచ్చలును చిక్కుముడులును కానవచ్చెను. ఆ వ్యాధికే పిదప ఆ వైద్యుని పేరు కలిగెను.

చీర నెచ్చట పెట్టెనో గుర్తులేని మనస్సు, ఆ వెలితిని దొంగతనమను కథతో పూరించుకొనును. కావున ఆ నింద వ్యాధిదే గాని అత్తగారిది కాదు. 1994లో కమింగ్స్ అను అమెరికా వైద్యుడును అతని సహచరులును ఇట్టి వికారములను కొలుచుటకు ఒక ప్రశ్నావళిని ప్రకటించిరి. అందలి ప్రశ్నలు రోగిని గాక, సేవచేయువారిని అడుగునవి. ఇంటిలో కన్నీటితో దాచుకొన్న మాటయే శాస్త్రమునకు సాక్ష్యమయ్యెను.

అయినను పరిశోధన ధనములేక సాగదు. 1998లో కొచ్చిన్ నగరమున “10/66” అను పరిశోధక బృందము ఏర్పడెను. అప్పటి లెక్కనుబట్టి రోగులలో నూటికి 66 మంది పేద, మధ్యమాదాయ దేశములవారు. జనులమధ్య జరుగు పరిశోధనలో నూటికి 10 పాళ్లైనను అచ్చట జరుగుటలేదు. ఆ యన్యాయమునే బృందము తన పేరుగా నుంచుకొనెను. మన దేశమున 60 ఏండ్లు దాటిన వారిలో సుమారు 88 లక్షలమందికి ఈ వ్యాధి కలదని 2023లో ప్రకటితమైన అంచనా తెలుపుచున్నది. ఆ పరిశీలనకు అమెరికా ప్రభుత్వ వార్ధక్య పరిశోధన సంస్థ ధనసాహాయ్యము చేసినది.

మనచోట పరిశోధించిన ఫలమేమి? హైదరాబాదు నిమ్స్ వైద్యశాలలో సువర్ణ అల్లాడి మొదలగువారు 648 మంది రోగులను పరిశీలించి, ఒకే భాష తెలిసినవారికంటె రెండు భాషలు మాటలాడువారికి ఈ వ్యాధి నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా వచ్చెనని 2013లో ప్రకటించిరి. నిరక్షరాస్యులయందును ఈ భేదము కనబడెను. బహుభాషలు కలిసిమెలిసి యుండు దేశముననే ఇట్టి సత్యము స్పష్టపడును. మనోవికారములకును ఇట్టి శ్రద్ధయే కావలెను. ఉద్రేకమణచు కొన్ని మందులు ఈ వృద్ధులయందు మరణభయమును హెచ్చించునని 2005లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించెను. కావున నిరపాయమైన చికిత్సను వెదకుట యత్యవసరము.

విద్యార్థులారా! అట్టి తాతతో, మామ్మతో వాదింపకుడు, నవ్వకుడు. మెల్లగా మాటలాడి, చీరను కలసి వెదకుడు. వికారము హఠాత్తుగా హెచ్చినచో నొప్పియో, జ్వరమో, మూత్రవ్యాధియో కారణము కావచ్చును; వెంటనే వైద్యునకు చూపవలెను. మీలో కొందఱైనను రేపు ఈ శాస్త్రమును మన తెలుగు గ్రామములలో పరిశోధింతురుగాక.