పందెపు బండి ఇంజను ఆగకుండుటెట్లు?

కురబలకోట ప్రాంతపు విద్యార్థులలో హార్సిలీ కొండ నెక్కు వాహనములను చూడనివారుండరు. ఏటవాలు మలుపులో వేగము తగ్గగనే కొన్ని బండ్ల ఇంజనులు చప్పున ఆగిపోవును. పందెములలో వాడు నాలుగు చక్రముల క్వాడ్ బైకుల కీ చిక్కు మఱింత హెచ్చు. “అంత బలముగల ఇంజను ఇంత సులభముగా నేల ఆగును?” అని మా తరగతిలో నొక బాలుడడిగెను. దానికి సమాధానమే యీ పాఠము.

1876వ సంవత్సరమున జర్మనీ దేశస్థుడగు నికొలాస్ ఆటో నిర్మించిన ఇంజను పద్ధతియే నేటి క్వాడ్‌లలో పెక్కింటికి ఆధారము. అందు పిస్టను నాలుగు పనులు చేయును: గాలిని పెట్రోలును లోనికి పీల్చుట, వానిని అణచుట, అవి మండగా త్రోయబడుట, పొగను వెడలగొట్టుట. వీనిలో బలము పుట్టునది మూడవదానియందే. తక్కినవి ఇంజనులోని బరువుచక్రముయొక్క ఊపుచే జరుగును. కుమ్మరి కఱ్ఱతో త్రిప్పి విడిచిన పిమ్మటను సారె తిరుగుచునే యుండును గదా!

మన తోటల బావుల యొద్ద నుండిన పాతకాలపు ఆయిలు ఇంజనులకు బరువైన పెద్ద చక్రము లుండెడివి. కావున అవి మెల్లగా తిరిగినను ఆగెడివి కావు. పందెపు బండికి వేగము త్వరగా హెచ్చవలెనని ఆ చక్రమును తేలికగా చేయుదురు. అందువలన దాని వేగము త్వరగా తగ్గును గూడ. ఊపు చాలక పిస్టను గాలిని అణచలేనప్పుడు ఇంజను నిలిచిపోవును.

ఇక ముఖ్యకారణము. పందెపు క్వాడ్‌లో వెనుక చక్రములు రెండును ఒకే ఇరుసునకు బిగింపబడి, ఆ ఇరుసు గొలుసుచే ఇంజనుతో కలుపబడి యుండును. మలుపులో వెనుక బ్రేకును గట్టిగా త్రొక్కినచో ఇరుసు నిలుచును. దానితో ఇంజనును నిలుచును. గుట్ట మీదుగా ఎగిరినప్పుడు గాలిలో బ్రేకు త్రొక్కినను ఇట్లే జరుగును. ఇంజనును చక్రములనుండి వేఱుచేయు సాధనమే క్లచ్చి. కావున బ్రేకుతోపాటే క్లచ్చిని పట్టవలెను. ఇందులకై ఎడమచేతి వ్రేళ్లు రెండు ఎల్లప్పుడును క్లచ్చిపై నుండవలెను. మలుపునకు ముందే గేరు తగ్గింపవలెను. పిమ్మట ఆక్సిలరేటరును కొంచెముగా నొక్కుచు క్లచ్చిని మెల్లగా విడువవలెను.

యంత్రమునందలి లోపములను గూడ పరీక్షింపవలయును. ఆక్సిలరేటరు ముట్టనప్పటి వేగము మిక్కిలి తక్కువైనచో ఇంజను ఆగును. ఇంజను వేడెక్కిన పిమ్మట, తయారుచేసినవారి పుస్తకమున చెప్పిన మేరకు దానిని సరిచేయవలెను. క్లచ్చి తీగె వదులైనచో ఇంజను చక్రములనుండి పూర్తిగా విడిపోదు. గాలి వడపోతలో దుమ్ము నిండినను, కార్బ్యురేటరులోని సన్నని రంధ్రము పూడినను ఇదే ఫలము.

ఎత్తు వలనను మార్పు కలుగును. హార్సిలీ కొండ సముద్రమట్టమునకు సుమారు 1,265 మీటర్ల యెత్తున నున్నది. అచ్చట గాలి సాంద్రత సముద్రతీరమునందుకంటె నూటికి పదివంతులకు మించి తక్కువ. మైదానమునకు సరిచేసిన కార్బ్యురేటరు అచ్చట గాలికి తగినదానికంటె హెచ్చు పెట్రోలు నిచ్చుటచే ఇంజను తడబడును. పెట్రోలును చిమ్ము క్రొత్త ఇంజనులలో ఈ మార్పును యంత్రమే సవరించుకొనును.

మే మెఱిగిన యొక యువకుడు మిట్ట నెక్కుచుండగా బండి ఆగెను. అతడు బ్రేకు మఱచి, ఇంజనును మరల నడపుటకే తొందరపడెను. బండి వెనుకకు దొర్లి తంగేడు పొదలలో తగులుకొనుటచే బ్రతికెను. అట్టి సమయమున దేహమును ఎగువకు వంచి, ముందు బ్రేకును పట్టవలెను. బండి నిలిచిన పిమ్మటనే వెనుక బ్రేకును వేసి, ఎగువ ప్రక్కకు దిగవలెను. వెనుకకు దొర్లుచుండగా వెనుక బ్రేకును ఒక్కసారిగా త్రొక్కినచో బండి తలక్రిందు కావచ్చును.

ప్రసిద్ధమగు డాకర్ పందెమున 2009 మొదలు 2024 వరకు క్వాడ్‌లకు ప్రత్యేక తరగతి యుండెను. అట్టి పందెములలో పోటీ చేయువారును ఈ చేతిపనిని ముందుగా నేర్చినవారే. నేర్వగోరు విద్యార్థి శిరస్త్రాణము ధరించి, పెద్దల యెదుట, ఖాళీ మైదానమున సున్నముతో గీత గీసి, ఇంజను ఆగకుండ ఆ గీతయొద్ద బండిని పదిమార్లు నిలుపవలెను. ఒక్కమారు ఆగినను లెక్క మొదటినుండి ప్రారంభింపవలెను. కొండదారి మాత్రము పందెములకు స్థలము కాదని మా విద్యార్థు లెన్నడును మఱవకుందురు గాక.