సొంత బట్టల బ్రాండ్ పెడతారా? సికింద్రాబాద్ యువతకు ఏ పథకం, ఎంత, ఎలా

వదులు టీషర్టులు, హుడీలు, వాటి మీద మన మాట, మన బొమ్మ. కుట్టేవాళ్లకు న్యాయమైన కూలీ. ఇలాంటి స్ట్రీట్‌వేర్ బ్రాండ్ పెట్టాలని చాలామంది అడుగుతున్నారు. ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పుకోండి: మీరు కుట్టిస్తారా, కొని ప్రింట్ వేయించి అమ్ముతారా? దీన్నిబట్టే పథకం మారుతుంది.

సొంత మెషీన్లతో యూనిట్ పెడితే: పీఎంఈజీపీ

18 ఏళ్లు నిండినవాళ్లు ఎవరైనా అప్లై చేయొచ్చు. కొత్త యూనిట్‌కే వర్తిస్తుంది, ఇప్పటికే నడుస్తున్నదానికి రాదు. తయారీ యూనిట్‌కు ప్రాజెక్టు వ్యయం 50 లక్షల దాకా ఉండొచ్చు. 10 లక్షలు దాటితే 8వ తరగతి పాసై ఉండాలి. నగరంలో సబ్సిడీ జనరల్ వాళ్లకు 15 శాతం. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, దివ్యాంగులు, ట్రాన్స్‌జెండర్లకు 25 శాతం. ఆడవాళ్లకు కులంతో పని లేకుండానే 25 శాతం. గ్రామ పంచాయతీలో పెడితే 35 దాకా వస్తుంది.

లెక్క చూద్దాం. బోయిన్‌పల్లిలో ఒక అమ్మాయి 6 లక్షల యూనిట్ పెడుతుందనుకోండి. సొంత వాటా 5 శాతం, అంటే 30 వేలు. మిగతా 5 లక్షల 70 వేలు బ్యాంకు ఇస్తుంది. సబ్సిడీ లక్షన్నర. అయితే ఈ లక్షన్నర చేతికి రాదు! బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటుంది. దాని మీద వడ్డీ రాదు, లోన్‌లో అంత మొత్తానికి వడ్డీ కట్టక్కర్లేదు కూడా. మూడేళ్ల తర్వాత యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలితేనే లోన్‌లో కలుపుతారు. మధ్యలో మూసేస్తే ఆ డబ్బు వెనక్కి పోతుంది, అప్పు మాత్రం నెత్తిన ఉంటుంది. కాబట్టి సబ్సిడీని చూసి ప్రాజెక్టు పెంచకండి. మూడేళ్లు ఈఎంఐ కట్టగలమా అన్నదే చూసుకోండి.

రిపోర్టులో మెషీన్ల జాబితా సరిగా రాయండి. మామూలు కుట్టు మెషీన్ ఒక్కటే రాస్తే టీషర్టు పని కాదు. సాగే గుడ్డకు ఓవర్‌లాక్ కావాలి, అంచులకు ఫ్లాట్‌లాక్ కావాలి. యంత్రాలే లేని ప్రాజెక్టుకు ఈ పథకంలో లోన్ రాదు. శిక్షణ కూడా పూర్తి చేయాల్సి ఉంటుంది. పథకానికి ఆమోదం 2025-26 వరకు ఇచ్చారు కాబట్టి, అప్లై చేసే ముందు పోర్టల్‌లో ఒకసారి చూసుకోండి.

మెషీన్లు లేకుండా మొదలుపెడితే: ముద్ర

గుడ్డ, కుట్టు, ప్రింట్ అన్నీ బయట చేయించేవాళ్లకు ఇదే నయం. శిశు కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా, తరుణ్ కింద 10 లక్షల దాకా లోన్ వస్తుంది. పూచీకత్తు అడగకూడదు. ముద్రలో సబ్సిడీ లేదు. ఉందని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి.

కుట్టే అక్కలకు: పీఎం విశ్వకర్మ

2023 సెప్టెంబర్ 17న మొదలైన ఈ పథకంలో 18 చేతివృత్తులున్నాయి, దర్జీ పని అందులో ఒకటి. పనిముట్లకు 15 వేలు, శిక్షణలో రోజుకు 500, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షలు. కుటుంబంలో ఒక్కరికే. గత ఐదేళ్లలో పీఎంఈజీపీ తీసుకున్నవాళ్లకు రాదు. ముద్ర లోన్ పూర్తిగా తీర్చేసి ఉంటే పర్వాలేదు. భార్యాభర్తలు ఇద్దరూ వేర్వేరు పథకాలకు పరిగెత్తకుండా ముందే కూర్చుని మాట్లాడుకోండి.

కూలీ లెక్క

సామాజిక స్పృహ అని ట్యాగ్ మీద వేసి, కుట్టే మనిషికి పీసుకు రూపాయి రూపాయి బేరమాడితే కొనేవాళ్లు ఎన్నాళ్లు నమ్ముతారు? 799కి అమ్మే టీషర్టు మీద కుట్టుకూలి 15 రూపాయలు పెంచితే, అది ధరలో రెండు శాతం కూడా కాదు. ఇంటి దగ్గర కుట్టేవాళ్లకు పీసు రేటు కాగితం మీద రాసివ్వండి. మాది ఆదర్శ బ్రాండ్ అని చెప్పుకోవడానికి అంతకంటే మంచి రుజువు దొరకదు.

గుడ్డ విషయంలో జంటనగరాల్లోనే పాత అనుభవం ఉంది. ఉజ్రమ్మ మొదలుపెట్టిన మల్ఖా, పత్తిని బేళ్లుగా గట్టిగా నొక్కకుండా చిన్న యంత్రాలతో నూలు తీసి చేతిమగ్గం మీద నేయిస్తుంది. చొక్కాలు, జాకెట్లకు అది బాగుంటుంది, సాగే టీషర్టుకు కాదు. ఇక్కత్ డిజైన్‌ను కంప్యూటర్ ప్రింట్ వేసి ‘పోచంపల్లి ఇక్కత్’ అని అమ్మొద్దు. ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు ఉంది, పుట్టపాక తేలియా రుమాలుకూ ఉంది. పైగా అది నేతగాళ్ల నోటి దగ్గర కూడు.

టీషర్టు మీద ఏం వేయొచ్చు?

రచయిత చనిపోయాక 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, ఆయన మాటలు ఎవరైనా వాడొచ్చు. శ్రీశ్రీ 1983లో పోయారు, 2043 చివరి దాకా అనుమతి కావాలి. మన అల్వాల్‌లో ఉండిన గద్దర్ 2023లో పోయారు, ఆయన పాటలకు 2083 దాకా. మూడు సింహాల రాజముద్ర, గాంధీ, నెహ్రూ బొమ్మలు వ్యాపారానికి వాడటం 1950 చట్టం ప్రకారం కుదరదు. జాతీయ జెండాను నడుము కిందికి వచ్చే బట్టల మీద వేయకూడదు.

రిజిస్ట్రేషన్లు

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ చాలు. జనరల్ బజార్ చుట్టుపక్కల దీనికి కూడా డబ్బులు గుంజే మధ్యవర్తులున్నారు, ఇవ్వకండి. బ్రాండ్ పేరుకు ట్రేడ్‌మార్క్ 25వ తరగతిలో వేయాలి. వ్యక్తులకు, చిన్న యూనిట్లకు ఆన్‌లైన్ ఫీజు 4,500. తెలంగాణలో సరుకుల అమ్మకం ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ తప్పనిసరి. ఆన్‌లైన్‌లో వేరే రాష్ట్రాలకు పంపితే మొదటి పీసు నుంచే కావాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 లోపు బట్టలకు పన్ను 5 శాతం, పైన 18.

మహిళలైతే 2018 నుంచి రాష్ట్ర ప్రభుత్వం నడుపుతున్న వీ హబ్‌లో సలహా అడగొచ్చు. బ్యాంకుకు వెళ్లేటప్పుడు ఆధార్, పాన్, కుల ధృవీకరణ పత్రం (వర్తిస్తే), చదువు సర్టిఫికెట్, షెడ్డు అద్దె ఒప్పందం, మెషీన్ల కొటేషన్లు, ప్రాజెక్టు రిపోర్టు రెండేసి కాపీలు తీసుకెళ్లండి. కొటేషన్ మీద షాపు జీఎస్టీ నంబర్ ఉందో లేదో చూసుకున్నాకే కౌంటర్‌లో ఇవ్వండి.