అద్దం, సెల్‌ఫోన్, మన పిల్లల మనసు

మరమగ్గం మీద చద్దరు నేసేవారికి ఒక సంగతి తెలుసు. బట్టను కళ్ళకు ఆనించి చూస్తే పోగుల లోపాలే కనిపిస్తాయి. నాలుగడుగులు వెనక్కి వేస్తేనే దాని అందం తెలుస్తుంది. షోలాపూర్ నేత పేటల్లోని మన కాలేజీ పిల్లలు ఈనాడు తమ ముఖాన్ని సెల్‌ఫోన్‌లో మరీ దగ్గరగా చూసుకుంటున్నారు.

సెల్ఫీ పూర్తిగా నిజం చెప్పదు. 12 అంగుళాల దూరంలో తీసిన ఫొటోలో ముక్కు, 5 అడుగుల నుంచి తీసినదానికన్నా సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టారు. ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించే ముఖాలేమో చాలావరకు ఫిల్టర్లతో నునుపు చేసినవి. ఈ రెంటినీ పోల్చుకుని మీ అమ్మాయి "నేను బాగోలేను" అనుకుంటుంది. అబ్బాయిలూ ఇందుకు మినహాయింపు కాదు.

యునానీ వైద్యంలో ఆరోగ్యానికి ఆరు ఆధారాలు (అస్బాబె సిత్తా జరూరియా) చెప్పారు: గాలి, అన్నపానాలు, శరీరపు కదలిక-విశ్రాంతి, మనసు కదలిక-విశ్రాంతి, నిద్ర-మెలకువ, శరీరం నిలుపుకోవలసినవి-విసర్జించవలసినవి. అర్ధరాత్రి దాకా ఫోన్ చూస్తే ముందు నిద్ర పోతుంది. దాని వెంట మనసు, జీర్ణశక్తి రెండూ చెడతాయి. వెయ్యేళ్ళ కిందటే అబూ జైద్ బల్ఖీ శరీరానికీ మనసుకూ కలిపి ఒకే వైద్య గ్రంథం రాశారు.

అసలు ప్రమాదం తెల్లబరిచే క్రీములతో వస్తుంది. మన మహారాష్ట్రలోనే అకోలాలో ఒకే ఇంట్లో ముగ్గురికి ఇలాంటి క్రీము వల్ల కిడ్నీలు దెబ్బతిన్న సంగతి 2023లో వార్తల్లోకి వచ్చింది. అందులో పాదరసం ఉంది. పాదరసం చర్మం గుండా రక్తంలోకి చేరి కిడ్నీల వడపోతను పాడుచేస్తుంది. పేరు, తయారీదారు చిరునామా లేని డబ్బాను ఇంట్లోకి రానివ్వకండి. స్టెరాయిడ్ క్రీములను కూడా డాక్టరు రాయనిదే ముఖానికి పూయకూడదు. వాటివల్ల చర్మం పలచబడి ఎర్రబడుతుంది, మొటిమలు పెరుగుతాయి.

ఇంట్లో ఇలా చేయండి:

1. పడుకునే గంట ముందు పెద్దలతో సహా అందరి ఫోన్లూ ఒకచోట పెట్టండి.

2. మొటిమలను గిల్లనివ్వకండి. రోజుకు రెండుసార్లు మెల్లగా ముఖం కడిగితే చాలు. మొటిమలున్నప్పుడు శనగపిండి నలుగుతో రుద్దకూడదు.

3. రక్తశుద్ధి మందులు సొంతంగా వాడకండి. హకీమ్‌ను సంప్రదించండి.

4. "నల్లపిల్ల", "లావుపిల్ల" అనే పిలుపులు మానండి. ఎగతాళి పేర్లు పెట్టవద్దని సూరా హుజురాత్ మనల్ని వారించింది. పెళ్ళి సంబంధాల మాటల్లోనూ ఇది గుర్తుంచుకోండి.

బిడ్డ గంటల తరబడి అద్దం ముందే ఉన్నా, తిండి మానేసినా, కాలేజీకి పోనని అన్నా దాన్ని పొగరు అనుకోకండి. మానసిక వైద్యునికి చూపించండి. ప్రభుత్వ టెలి-మానస్ ఫోన్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా మాట్లాడవచ్చు.

ముందుగా మీరే బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. తన విలువ తన రంగులో లేదని ఆ బిడ్డ మొదట వినవలసింది మీ నోటనే.