ఇచ్చాక చెయ్యి చాపనిదే కానుక

ఎడిసన్, న్యూజెర్సీ
నవంబర్ 20, 2025

చిరంజీవి నానికి,

  

మొన్న ఆదివారం ఫోన్లో నువ్వడిగినదానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "అత్తా, పిల్లలకు ఈ దేశంలో ఇదే మొదటి క్రిస్మస్. వీడియో గేమ్ కావాలని గొడవ. ఏది కొనమంటావు, ఏది వద్దంటావు?" అన్నావు. వచ్చే శుక్రవారం బ్లాక్ ఫ్రైడే అమ్మకాలు. నువ్వు కంగారుపడి ఏదో ఒకటి కొనేసేలోపు ఈ ఉత్తరం నీ చేతికందాలని కూర్చుని రాస్తున్నాను.

నేను పదకొండు క్రిస్మస్‌లు ఇక్కడొక షాపులో గేమ్స్ కౌంటర్ వెనక నిలబడ్డానని నీకు తెలుసు. అక్కడ నాకు బుద్ధి చెప్పింది డిసెంబర్ 24 కాదురా, 26. ఇరవై నాలుగో తేదీ దాకా అందరూ నవ్వుకుంటూ కొనుక్కుపోతారు. ఇరవై ఆరున తలుపు తీసేసరికి సంచులు పట్టుకుని బారులు తీరి ఉంటారు. ఒకాయన వేరే మెషీన్‌కి సరిపోయే డిస్కు కొన్నాడు. ఒకావిడ వెనక అట్ట చదవలేదు. ఒక తాతగారు కొన్న పెట్టెలో అసలు డిస్కే లేదు. సీలు తీశాక చాలా షాపులు డబ్బు వెనక్కివ్వవు, అదే ఆట ఇంకో కాపీ మాత్రం చేతిలో పెడతాయి. ఆ మొహాలు చూసి చూసి నాకొక లెక్క కుదిరింది. ఆట ఎంత బాగుందో చెప్పడానికి లక్షమంది ఉన్నారు. మనం చూసుకోవలసింది, ఇచ్చిన తర్వాత అది పిల్లల్ని ఏమడుగుతుంది అన్నది. ఇచ్చాక మళ్ళీ చెయ్యి చాపేదాన్ని నేను కానుక అనను.

ఇదంతా నాకు పుట్టుకతో వచ్చిన తెలివి కాదు. షాపులో చేరకముందు మావాడికి నేనూ వేరే మెషీన్ డిస్కే తెచ్చిచ్చాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "బొమ్మ బాగుందమ్మా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తర్వాత 2013లో, కౌంటర్ వెనక ఆరేళ్ళు పనిచేసిన మనిషినయ్యుండీ, మా చిన్నదానికి ట్యాబ్లెట్‌లో ఒక ఉచిత ఆట పెట్టిచ్చి, నా క్రెడిట్ కార్డు నంబరు అందులోనే వదిలేశాను. జనవరి బిల్లులో 340 డాలర్లు! అదేమో, "బొమ్మకు గౌను కొన్నానమ్మా, అంతే" అంది. దాని తప్పేముంది? అది నొక్కేలాగే ఆ బటన్లు పెట్టారు.

అందుకే మొదట డబ్బు సంగతి. ఉచితం అని రాసి ఉన్న ఆటల దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఫోర్ట్‌నైట్ ఆడటానికి పైసా అక్కర్లేదు, లోపల వేషాలకూ డాన్సులకూ మాత్రం డబ్బులు. ఆ ఆట తయారుచేసే ఎపిక్ సంస్థ, పిల్లల వివరాలు సేకరించినందుకూ, జనం అనుకోకుండా కొనేసేలా బటన్లు పెట్టినందుకూ కలిపి 520 మిలియన్ డాలర్లు కట్టడానికి 2022 డిసెంబర్‌లో ఒప్పుకుంది. అందులో 245 మిలియన్లు కొన్నవాళ్ళకు వాపసు. ఎంతమంది తల్లులకు నాలాంటి జనవరి వచ్చిందో చూడు.

ఇంకో రకం ఉంది, ఇంతకన్నా చెడ్డది. డబ్బు కట్టి ఆట లోపల ఒక పెట్టె తెరవాలి, లోపల ఏమొస్తుందో తెలియదు. మంచి ఆటగాడు రావచ్చు, పనికిరానిది రావచ్చు. రాకపోతే ఇంకోటి తెరవాలి. మన ఊళ్ళో దీన్నేమంటారో నీకు చెప్పాలా? ఆన్‌లైన్ రమ్మీకి సంసారాలు మునిగిపోతున్నాయని 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్ర నిషేధం తెచ్చాయి. బెల్జియం 2018లో ఈ పెట్టెల్ని జూదం కిందే లెక్కగట్టింది. ఇక్కడ నిషేధం లేదు గానీ అట్ట మీద చిన్న అక్షరాలతో రాస్తారు, లోపల కొనుగోళ్ళు ఉన్నాయనీ, వాటిలో ఏమొస్తుందో ముందు తెలియని వస్తువులున్నాయనీ. ఆ రెండో ముక్క కనిపిస్తే ఆ ఆట కింద పెట్టెయ్. ఫుట్‌బాల్ ఆట ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ మీద అందరూ ఆడొచ్చనే అక్షరమే ఉంటుంది, ఈ ముక్కా ఉంటుంది. పైగా అలాంటి ఆటలు ఏటా కొత్తవి వస్తాయి, నిరుడు కొన్నది ఈ ఏడు పాతబడుతుంది.

అక్షరం అన్నాను కదా, అదేంటో చెబుతాను. నెత్తురూ హత్యలూ చూపించే ఆటల మీద 1993లో ఇక్కడి సెనేట్‌లో పెద్ద రభస అయితే, మరుసటి ఏడాది ఆటల కంపెనీలే ఈఎస్ఆర్‌బీ అనే సంస్థ పెట్టుకుని వయసు గుర్తులు వెయ్యడం మొదలుపెట్టాయి. ‘ఈ’ అంటే అందరూ ఆడొచ్చు. ‘ఈ 10 ప్లస్’ పదేళ్ళు దాటినవాళ్ళకి. ‘టీ’ పదమూడు దాటాక. ‘ఎమ్’ పదిహేడు దాటాక. ముందువైపు అక్షరం చూసి ఆగిపోకు, వెనక్కి తిప్పు. ఆ అక్షరం ఎందుకు వేశారో అక్కడ రాసి ఉంటుంది. కత్తియుద్ధం ఉన్న ఆటా, బూతులున్న ఆటా, తాగుడున్న ఆటా ఒకే అక్షరం కింద ఉండొచ్చు. ఇంటికి ఏది పనికొస్తుందో మనమే తేల్చుకోవాలి. ఇంకొక మాట. ఆన్‌లైన్‌లో అవతలివాడు మైకులో ఏం వాగుతాడో దానికి ఏ అక్షరమూ వర్తించదు.

మన పెద్దవాడు జీటీఏ అనే ఆట అడుగుతున్నాడన్నావు. దాని మీద ‘ఎమ్’ ఉంది. వాడికి పదమూడు. క్లాసులో అందరి దగ్గరా ఉందంటాడు, కొంత నిజం కూడా కావచ్చు. అయినా కొనకు. అలాగని "నోర్మూసుకో" అనీ అనకు. కొత్త దేశం, కొత్త స్కూలు, నలుగురిలో కలవడానికి వాడికొక మాట కావాలి. వాడు అడుగుతున్నది నిజానికి అది. పక్కన కూర్చోబెట్టుకుని వెనక అట్ట మీది మాటలు వాడి చేతే పైకి చదివించు, ఎందుకు వద్దంటున్నావో చెప్పు. ఆ తర్వాత వాడు చిన్నబుచ్చుకోని ఆట ఒకటి చేతిలో పెట్టు. జెల్డా అని ఉంది. ‘టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్’ 2023లో వచ్చింది, ‘ఈ 10 ప్లస్’. కొండలెక్కాలి, ముక్కలు అతికించి బండ్లూ పడవలూ కట్టాలి, చిక్కుముళ్ళు విప్పాలి. వాడి వయసువాళ్ళు చెప్పుకునే ఆటే. ఒకసారి కొంటే నెలలు వస్తుంది, మధ్యలో డబ్బు అడగదు.

రెండోది, పేరు చూసి మోసపోకు. 1982 క్రిస్మస్‌కి అటారీ కంపెనీ ‘ఈటీ’ సినిమా పేరుతో ఆట తెచ్చింది. పండక్కి అందాలని ఒకే ప్రోగ్రామరు చేత అయిదారు వారాల్లో చేయించారు. పిల్లాడు నడిపే బొమ్మ మాటిమాటికీ గోతిలో పడటమే ఆట! అమ్ముడుపోనివీ వాపసొచ్చినవీ మరుసటి ఏడు న్యూమెక్సికోలో అలమగోర్డో అనే ఊరి చెత్తదిబ్బలో పూడ్చిపెట్టారు. 2014లో తవ్వితే కార్ట్రిడ్జులు బయటపడ్డాయి. సినిమా పేరు అతికించి పండక్కి హడావిడిగా వదిలే సరుకును చూసినప్పుడల్లా నాకు ఆ దిబ్బే గుర్తొస్తుంది.

కొత్తదనానికీ అంతే. ‘సైబర్‌పంక్ 2077’ 2020 డిసెంబర్ 10న విడుదలైంది. పాత మెషీన్లలో అడుగడుగునా ఆగిపోతోందని గోల పుడితే, వారం తిరిగేసరికి సోనీ తన ఆన్‌లైన్ దుకాణంలోంచి తీసేసి డబ్బు వాపసిస్తానంది. తర్వాత బాగుచేశారు. అంటే ముందు కొన్నవాళ్ళు ఎక్కువ డబ్బు పెట్టి చెడ్డ ఆట ఆడారు, ఆగినవాళ్ళు తక్కువ పెట్టి మంచి ఆట ఆడారు. చింతపండూ ఆవకాయే కాదురా, ఆటలు కూడా ఏడాది ఊరితే బాగుంటాయి.

మూడోది, పెట్టెలో ఏముందో చూడు. కొన్ని పెట్టెల్లో డిస్కు ఉండదు, కాగితం మీద కోడ్ ఉంటుంది. ఒకసారి వాడితే అయిపోయింది, వాపసూ లేదు, ఇంకొకరికివ్వడమూ లేదు. నింటెండో స్విచ్ 2 మెషీన్ ఆటల్లో కొన్నిటికి కార్డు ఉంటుంది గానీ ఆట అందులో ఉండదు, మొత్తం ఇంటర్నెట్ నుంచి దింపుకోవాలి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కి డిస్కు పెట్టే చోటే లేదు, చవగ్గా వచ్చిందని అది కొని డిస్కులు కొన్నవాళ్ళు ఎంతమందో. ఒక్కోసారి డిస్కు ఉన్నా చాలదు. ‘ద క్రూ’ అనే కార్ల ఆట నడవడానికి కావలసిన సర్వర్లను 2024 మార్చి నెలాఖరున యూబీసాఫ్ట్ ఆపేసింది. డబ్బు పోసి కొన్న డిస్కు ఇప్పుడు టీ గ్లాసు కింద పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ కొరగాదు.

ఇన్ని వద్దులు చెప్పాక కావాల్సింది కూడా చెప్పాలి కదా. మీ నాన్నకు తొమ్మిదేళ్ళప్పుడు తెనాలిలో ఒక క్రిస్మస్‌కి మీ తాతయ్య క్యారమ్స్ బోర్డు తెచ్చాడు. వెదురుబద్దల నక్షత్రం కింద అరుగు మీద వేసుకుని ఆడేవాళ్ళం. కేరల్స్ పాడొచ్చిన కుర్రాళ్ళు కూడా ఓ ఆట వేసిగానీ కదిలేవాళ్ళు కాదు. ఆ బోర్డు మా ఇంట్లో పాతికేళ్ళుంది. అది అడిగినవి రెండే, చారెడు బోరిక్ పౌడరూ, ఇంకో ముగ్గురు మనుషులూ. కౌంటర్ వెనక నిలబడినన్నాళ్ళూ నేను మనసులో ప్రతి పెట్టెనూ ఆ బోర్డు పక్కన పెట్టి చూసేదాన్ని.

దాని పక్కన నిలబడేది నాకు తెలిసి ‘మారియో కార్ట్ 8 డీలక్స్’. 2017 నాటిది, ‘ఈ’. ఒకే టీవీ ముందు నలుగురు ఆడొచ్చు, ఇంటర్నెట్ చందా అక్కర్లేదు. బండి దారి తప్పకుండా కాసే ఏర్పాటు ఉంది, అది పెడితే ఏడేళ్ళ మీ చిన్నది కూడా అన్నను ఓడించగలదు. ‘మైన్‌క్రాఫ్ట్’ కూడా మంచిదే. ‘ఈ 10 ప్లస్’ అయినా, రాక్షసులు రాని పద్ధతి పెట్టి నువ్వు పక్కన కూర్చుంటే చిన్నది ఇల్లు కట్టుకుంటుంది. అందులోనూ లోపల ఒక అంగడి ఉంది, దానికి తాళం వెయ్యి.

మెషీన్ సంగతంటావా, కొత్తగా వచ్చావు, కారు అప్పు ఇంకా తీరలేదు. ఈ ఆటలకు కంపెనీ బాగుచేసి అమ్మే పాత స్విచ్ చాలు. నాలుగేళ్ళు వాడుకునేది కావాలంటే స్విచ్ 2 తీసుకో, పాత స్విచ్ ఆటలు దాదాపు అన్నీ ఆడుతుంది. సెకండ్‌హ్యాండ్‌ది కొంటే జాయ్‌కాన్ అనే కంట్రోలర్ మీది పుల్ల ముట్టుకోకుండానే బొమ్మ దానంతటదే జరుగుతోందేమో చూసుకో. బిల్లుతో పాటు గిఫ్ట్ రసీదు అడుగు.

తెనాలిలో మీ అన్న పిల్లలకూ పంపుతానన్నావు. ఇక్కడి గిఫ్ట్ కార్డు కొని పంపకు, ఇండియాలో తెరిచిన అకౌంటులో ఇక్కడి ప్లేస్టేషన్ కార్డు పనిచెయ్యదు. నింటెండో అక్కడ అధికారికంగా అమ్మరు కాబట్టి, పాడైతే బాగుచేయించుకునే దిక్కుండదు. మీ అన్నకు డబ్బు పంపు, పిల్లలతో కలిసి విజయవాడ వెళ్ళి వాళ్ళ మెషీన్‌కి సరిపోయేది వాళ్ళే కొనుక్కుంటారు.

ఇక చివరి పని. 23 రాత్రి పిల్లలు పడుకున్నాక పెట్టె తెరువు. ఛార్జి పెట్టు, అప్‌డేట్లు దింపు, ఆటలు ఎక్కించు. 2014 క్రిస్మస్ నాడు ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ నెట్‌వర్కులు రెంటినీ ఆకతాయిలు పడగొట్టారు. కొత్త మెషీన్ ముందు పిల్లలు దిగాలుగా కూర్చున్నారు. పిల్లల అకౌంట్లు నీ అకౌంటు కింద తెరువు, పుట్టిన తేదీ నిజమే వెయ్యి. కట్టడి అంతా ఆ తేదీని బట్టే ఉంటుంది. కొనడానికి పిన్ పెట్టు. ఎంతసేపు ఆడాలో కూడా నీ ఫోన్లోంచే పెట్టుకోవచ్చు. గంట అనుకుంటే గంటే, కానీ ఆట మధ్యలో తీగ పీకెయ్యకు, "ఈ రేసు అయ్యాక" అను. అన్నీ సర్ది మళ్ళీ కాగితం చుట్టెయ్.

నా వంతుగా ఒక జత జాయ్‌కాన్ పోస్టులో పంపుతున్నాను, వచ్చే వారం అందుతుంది. పాత స్విచ్ అయినా, కొత్తది అయినా మారియో కార్ట్‌కి పనికొస్తుంది. మెషీన్‌తో వచ్చే జతను విడదీస్తే పిల్లలిద్దరికీ చెరొకటి సరిపోతుంది. నేను పంపేది పిల్లలకు కాదురా. ఒకటి నీకు, ఒకటి మీ ఆవిడకి.



ప్రేమతో,
మీ అత్త